మంబిలాకు దేశం పేరు చాలదు, ఊరి పేరు కావాలి: భాషా సాంకేతిక రంగంలోని తెలుగువారికి బహిరంగ లేఖ

భాషా సాంకేతిక రంగంలో పనిచేస్తున్న తెలుగు ఇంజనీర్లకు, డేటా మేనేజర్లకు, మన విశ్వవిద్యాలయాల భాషాశాస్త్ర విభాగాల అధ్యాపకులకు, పరిశోధకులకు

నమస్కారం.

అనువాద యంత్రాలు, మాటను రాతగా మార్చే యాప్‌లు, వందల భాషలు వచ్చని చెప్పుకునే మోడళ్లు తయారుచేసే బృందాల్లో తెలుగువాళ్లు ఎంతమంది ఉన్నారో మీకు నేను చెప్పక్కర్లేదు. మీ పని మీద నాకు గౌరవం ఉంది. ఈ లేఖ తెలుగులో రాయడానికి కారణం కూడా అదే. ఇంగ్లీషులో రాసినవి ఇప్పటికే చాలా పంపాను.

భాషాశాస్త్రం చదువుకున్నవాణ్ని. కొన్నాళ్లు ఒక సంస్థ కోసం కాంట్రాక్టు మీద భాషల జాబితాలు, వాటికి సేకరించిన నమూనా వాక్యాలు సరిచూసే పని చేశాను. ఆ జాబితాలో మంబిలా అనే ఆఫ్రికా భాష విషయంలో పెద్ద తప్పు కనిపించింది. నోట్స్ రాశాను, తప్పును సరిచేయమని సంస్థ లోపలి ఫిర్యాదుల పట్టీలో టికెట్ పెట్టాను, మెయిళ్లు పంపాను. మొదట్లో 'నోటెడ్' అని జవాబు వచ్చేది. తరవాత 'ఈ క్వార్టర్‌లో ప్రయారిటీ కాదు' అన్నారు. చివరికి ఎవరో కారణం కూడా రాయకుండా టికెట్ మూసేశారు. ఆ సంస్థ పేరు ఇక్కడ చెప్పను. ఈ జబ్బు ఆ ఒక్క చోటే ఉన్నది కాదు, పేరు చెబితే మిగతావాళ్లు 'మనం కాదులే' అనుకుని ఊరుకుంటారు.

తప్పు ఏమిటంటే, జాబితాలో మంబిలాకు రెండు వరుసలు ఉన్నాయి. ఒకటి 'మంబిలా, నైజీరియా'. రెండోది 'మంబిలా, కామెరూన్'. అంతర్జాతీయ భాషా సంకేతాల్లోనూ అంతే, మొదటిది ఎం.జెడ్.కె., రెండోది ఎం.సి.యు. ఈ రెండు వరుసల ఎదురుగా 'సపోర్టెడ్' అని టిక్కు ఉంది. లోపలికి వెళ్లి చూస్తే ఉన్నవి కొద్దిపాటి మతగ్రంథ వాక్యాలు. ఏ ఊరి మాటో ఎక్కడా లేదు. అచ్చుల మీద ఉండాల్సిన గుర్తులు లేవు. మాట్లాడిన మనిషి ఎవరో, ఆడో మగో, ముసలో పడుచో ఆ వివరమూ లేదు. ఇంత ఖాళీ పెట్టుకుని ఆ టిక్కు ఎలా పెట్టారన్నదే నా ఫిర్యాదు.

ఈ భాష సంగతి మీలో చాలామందికి కొత్త కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

మంబిలా మాట్లాడేవారిలో ఎక్కువమంది నైజీరియాలోని తరబా రాష్ట్రంలో, వాళ్ల పేరే పెట్టుకున్న మంబిలా పీఠభూమి మీద ఉంటారు. సముద్రమట్టానికి సుమారు 1,500 మీటర్ల ఎత్తున ఉండే చల్లటి పచ్చిక నేల అది. గెంబు అక్కడి ముఖ్య పట్టణం. పశువులు, మొక్కజొన్న, కకారా దగ్గర తేయాకు తోటలు అక్కడి బతుకుతెరువు. కామెరూన్ వైపు ఆదమావా ప్రాంతంలో సోమియే, అట్టా లాంటి మంబిలా ఊళ్లు ఉన్నాయి. 1990ల నాటి అంచనాల ప్రకారం నైజీరియాలో సుమారు లక్షమంది, కామెరూన్‌లో 30 వేలమంది ఈ భాష మాట్లాడతారు. ఇప్పుడు ఇంకా ఎక్కువే ఉండాలి. నైజీరియా 2006 జనాభా లెక్కల్లో జాతి గురించి అడగలేదు, ఆ తరవాత జనాభా లెక్కలే జరగలేదు. కాబట్టి ఆ పాత అంచనాలే అందరి పట్టికల్లోనూ తిరుగుతున్నాయి.

ఈ రెండు దేశాల గీత భాషను చూసి గీసింది కాదు. మొదట ఆ నేలంతా జర్మన్ల కామెరూన్ వలస. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ ఓడాక బ్రిటన్, ఫ్రాన్స్ దాన్ని పంచుకున్నాయి. బ్రిటిష్ వాటాలోని ఉత్తర భాగాన్ని నైజీరియాతో కలిపి పాలించారు. 1961 ఫిబ్రవరిలో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో ఆ భాగం నైజీరియాతో కలవాలని తేలింది, అదే ఏడాది జూన్ 1న కలిసిపోయింది. ఫ్రెంచి వాటా అంతకుముందే, 1960 జనవరి 1న, స్వతంత్ర కామెరూన్ అయింది. ఆ విధంగా ఒక వైపు బడిలో ఇంగ్లీషు, రెండో వైపు ఫ్రెంచి. సంతలో రెండు వైపులా ఫులానీ పశుపాలకుల భాష ఫుల్ఫుల్దే. ఇంట్లో మాత్రం మంబిలానే.

ఆ ఇంటి మంబిలా కూడా ఒక్క రకం కాదు. ఈ భాష మీద ఏళ్ల తరబడి పనిచేసిన భాషావేత్త బ్రూస్ కానెల్ ఇందులో 20 దాకా రూపాలు ఉన్నాయని, అవి తూర్పు, పడమర అని రెండు గుంపులుగా పడతాయని చెప్పాడు. పక్క ఊరి మాట తేలిగ్గా అర్థమవుతుంది, దూరం పెరిగేకొద్దీ కష్టమవుతుంది, ఒక కొస నుంచి రెండో కొసకు వెళ్తే అర్థం కాదు. సోమియేలో మాట్లాడేదాన్ని జు బా అంటారు. కామెరూన్ మంబిలా మాండలికాలుగా పట్టికల్లో కనిపించేవాటిలో జు బాతోపాటు జు నారే ఉంటుంది. జు నారే అంటే గెంబు వైపు మాట. గెంబు ఉన్నది నైజీరియాలో! అంటే కామెరూన్ వరుసలోనే నైజీరియా ఊరి మాట ఉంది. దేశం పేరుతో భాషను విడదీయడం కుదరదని ఆ పట్టికే ఒప్పుకుంటోంది. అయినా మన డేటాలో మాత్రం ఆ గీతే శాసనం.

దీనివల్ల మామూలు మనుషులకు వచ్చే నష్టాలు వరసగా రాస్తున్నాను.

1. ముందు ఆ గీత సంగతి. ఒక ఆరోగ్య సంస్థ గర్భిణులకు ఫోన్లో మాట రూపంలో సూచనలు పంపాలనుకుందని అనుకోండి. మీ టూల్ ఏం చేస్తుంది? సిమ్ ఏ దేశానిదో చూసి, ఆ దేశం వరుసలో ఉన్న ఒకే ఒక్క గొంతును వినిపిస్తుంది. సరిహద్దు పక్కన ఉండే ఆడమనిషికి గీత అవతలి ఊరి మాట బాగా అర్థమవుతుంది, తన దేశంలోనే ఆ చివర ఉన్న ఊరి మాట అర్థం కాదు. ఆమెకు వెళ్లేది మాత్రం ఆ రెండోదే. మన దగ్గర 2014 జూన్ 2న రాష్ట్రం రెండయింది. ఆ మర్నాడు ఎవరైనా 'తెలుగు, తెలంగాణ', 'తెలుగు, ఆంధ్ర' అని రెండు డబ్బాలు పెట్టి, మొదటి దానికి ఆదిలాబాద్ నుంచి ఒక గొంతు, రెండో దానికి చిత్తూరు నుంచి ఒక గొంతు తెచ్చి, పని అయిపోయిందంటే ఒప్పుకునేవాళ్లమా? కోదాడ మనిషికి జగ్గయ్యపేట మాట దగ్గరా, ఆదిలాబాద్ మాట దగ్గరా? తెలుగులోనైతే సినిమాలు, టీవీ, పత్రికలు, బడి పుస్తకాలు ఉన్నాయి గనక ఎలాగో సర్దుకుపోతాం. మంబిలాకు సర్దుబాటు చేసే అలాంటి ఉమ్మడి భాష లేదు.

2. మంబిలాలో నాలుగు స్వరస్థాయిలు ఉన్నాయి. అవే అక్షరాలు, గొంతు ఎత్తు మారితే మాట మారిపోతుంది. రెండు స్థాయిలు, మూడు స్థాయిలు ఉన్న భాషలు ఆఫ్రికాలో చాలా ఉన్నాయి. ఎగుడుదిగుడు లేకుండా సమంగా పలికే స్థాయిలు నాలుగు ఉన్నవి తక్కువ. కానెల్ ఈ నాలుగూ గొంతులో ఎలా పలుకుతాయో, వినేవాళ్లు వాటిని ఎలా పట్టుకుంటారో పరికరాలతో కొలిచి పత్రాలు రాశాడు. ఇది దాచిన విషయం కాదు, వెతికితే దొరుకుతుంది. కామెరూన్ భాషలన్నిటికీ పనికొచ్చేలా 1979లో ఒక ఉమ్మడి వర్ణమాల చేశారు. అందులో స్వరస్థాయికి గుర్తులున్నాయి, తోక ఉన్న 'ఎన్' లాంటి ప్రత్యేక అక్షరాలూ ఉన్నాయి. డేటాను యంత్రానికి సిద్ధం చేసే మీ పైప్‌లైన్‌లో మొదటి మెట్టు ఏమిటి? అచ్చుల మీది గుర్తులు తుడిచేయడం, తెలియని అక్షరాన్ని దగ్గరి ఇంగ్లీషు అక్షరంగా మార్చడం. దాన్ని 'క్లీనింగ్' అంటారు. ఆ క్లీనింగ్ తరవాత మిగిలేది మంబిలా కాదు. దాంతో నేర్చుకున్న యంత్రం ఒక మాటకు బదులు ఇంకో మాట చెబుతుంది, ఎవరూ పట్టుకోరు. 2018 ఫిబ్రవరిలో మన 'జ్ఞా' అక్షరం వస్తే చాలు ఐఫోన్లలో యాప్‌లు ఆగిపోయేవి, గుర్తుంది కదా. ప్రపంచమంతా వార్త అయింది, రోజుల్లోనే సరిచేశారు. తెలుగువాళ్లం కోట్లలో ఉన్నాం కాబట్టి. మంబిలా అక్షరం చప్పుడు లేకుండా రాలిపోతే ఏ ఫోనూ ఆగదు. అదే టెన్షన్ పెట్టే విషయం.

3. మతగ్రంథం తప్ప వేరే పాఠం లేకపోవడం. అనువాదాలు చేసినవాళ్ల శ్రమను తక్కువ చేయడం లేదు. కామెరూన్ మంబిలా మీద మోనా పెరిన్ లాంటివాళ్లు చేసిన వర్ణన లేకపోతే మనకు ఇంత తెలిసేదీ కాదు. కానీ ఒక్క ఆ పాఠంతో నేర్చుకున్న యంత్రానికి సంతలో బేరం తెలియదు, పొలం గట్టు తగాదా తెలియదు, పిల్లాడికి విరేచనాలు పట్టుకున్నాయని తల్లి ఎలా చెబుతుందో తెలియదు. మంబిలా ఊళ్లలో పెద్ద పెద్ద నిర్ణయాల ముందు సాలీడు జోస్యం అడుగుతారు. నేలలో ఉండే పెద్ద సాలీడు బొరియ దగ్గర గుర్తులు వేసిన ఆకు ముక్కలు పెట్టి, ఒక పక్క పుల్ల, ఒక పక్క రాయి ఉంచి, ఇదా అదా అని ప్రశ్న వేస్తారు. సాలీడు కదిపిన ఆకులను చూసి జవాబు చెబుతారు. సోమియేలో 1985 నుంచి పనిచేసిన మానవశాస్త్రవేత్త డేవిడ్ జైట్లిన్ ఆ ప్రశ్నలు ఎలా కడతారో, జవాబులు ఎలా చదువుతారో వివరంగా నమోదు చేశాడు. పెళ్లి, జబ్బు, ప్రయాణం, అనుమానం అన్నీ ఆ ప్రశ్నల్లో ఉంటాయి. ఒక భాషలో ప్రశ్న ఎలా వేస్తారో నేర్చుకోవాలంటే అంతకంటే మంచి చోటు ఎక్కడుంటుంది? మన జాబితాలో మాత్రం మంబిలా వాళ్లు ఎప్పుడూ ప్రశ్నలే అడగరు, ఆజ్ఞలు మాత్రం వింటూ ఉంటారు.

4. ఇది అన్నిటికంటే ముఖ్యం, కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను. టిక్కు పెట్టడం అంటే మీ ఉద్దేశంలో ఒక గడి నింపడం. బయట ఆ టిక్కు సాక్ష్యంగా మారుతుంది.

మంబిలా పీఠభూమి మీద డోంగా నదికి ఆనకట్ట కట్టి 3,050 మెగావాట్ల జలవిద్యుత్ తయారుచేయాలని నైజీరియా దశాబ్దాలుగా అనుకుంటోంది. 2017లో చైనా కంపెనీలతో ఒప్పందానికి మంత్రివర్గం ఆమోదం కూడా దొరికింది. గొడవలు, కేసులు, ఆలస్యాలు. ఇంకా కట్టలేదు. ఏదో ఒకరోజు కదిలితే ఊళ్లు ఖాళీ చేయించాలి, పొలాలకు, ఇళ్లకు, సమాధులకు లెక్క కట్టాలి, అభ్యంతరాలు ఉంటే ఫలానా తేదీలోగా చెప్పండని నోటీసు ఇవ్వాలి. ముంపు గ్రామాల్లో నోటీసులు ఎలా ఉంటాయో గోదావరి జిల్లాల వాళ్లకు నేను చెప్పాలా? రేపు ఒక అధికారి ఆ నోటీసును మీ యంత్రంలో వేసి, వచ్చిందేదో ప్రింటు తీసి, 'స్థానిక భాషలో తెలియజేశాం' అని ఫైల్లో రాసుకుంటాడు. అది ఏ ఊరి మాట? చదివినవాడికి తేదీ అర్థమైందా? ఈ ప్రశ్న కోర్టులో వస్తే ఆయన మీ 'సపోర్టెడ్' పేజీ చూపిస్తాడు. అప్పటిదాకా నోటీసు అర్థం కాలేదన్న రైతు మాటకు బలముండేది. మీ టిక్కు పడ్డాక ఉండదు.

'అక్కడ అందరికీ ఫుల్ఫుల్దే వచ్చు కదా, ఇంత పట్టింపు ఎందుకు' అని ఒక మీటింగ్‌లో నన్ను అడిగారు. సంతకు పనికొచ్చేంత వస్తుంది, నిజమే. కానీ పీఠభూమి మీద భూమి కోసం, మేత కోసం ఎప్పటి నుంచో నడుస్తున్న తగాదాల్లో ఒక పక్క మంబిలా రైతులు, ఇంకో పక్క ఫులానీ పశుపాలకులు. 2017 జూన్‌లో అది నెత్తుటి దాకా వెళ్లింది, ఫులానీ కుటుంబాలు ఎన్నో సరిహద్దు దాటి పారిపోయాయి. ఫుల్ఫుల్దే ఆ రెండో పక్షం తల్లిభాష. తగాదాలో ఉన్న ఒకరి భాషలో రెండోవాళ్లకు నోటీసు ఇచ్చి అందరికీ అర్థమైందనడం ఏం న్యాయం? అలాంటి రోజుల్లో ఫోన్లలో తిరిగే రెచ్చగొట్టే మాటలను పట్టుకోవడానికీ మీ టూల్సే వాడతారు. నిజంగా రెచ్చగొట్టేది పోనిచ్చి, 'పిల్లల్ని తీసుకుని ఈ దారిన రండి' అని చెప్పిన మెసేజ్‌ను ఆపేస్తే ఎవరు బాధ్యులు? ఇందులో నష్టపోయేది మంబిలా వాళ్లు మాత్రమే కాదు, ఫులానీ వాళ్లు కూడా.

5. చిన్న భాషలను మంబిలాలో కలిపేయడం. మంబిలా మనకు చిన్న భాషగా కనిపిస్తుంది గానీ, ఆ చుట్టుపక్కల అదే పెద్ద భాష. దాని చుట్టాలు చాలా ఉన్నాయి. వుతే, వావా, క్వంజా, చంబాప్, న్జెరెప్, కసాబె. న్జెరెప్ మాట్లాడే కుటుంబాలు సోమియేలో మంబిలాకు మారిపోయాయి. 2000 ప్రాంతంలో కానెల్, జైట్లిన్ కలిసి దాని గురించి రాసేనాటికి ఆ భాష గుర్తున్న ముసలివాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. కసాబె కథ ఇంకా ఘోరం. 1994-95లో కానెల్‌కు ఆ భాష మాట్లాడేవాడు ఒక్కడే దొరికాడు. మరింత రాసుకుందామని 1996 నవంబరులో తిరిగి వెళ్తే, ఆయన అంతకు ఏడాది ముందే, 1995 నవంబరు 5న చనిపోయాడని తెలిసింది. చెల్లెలో అక్కో ఒకామె మిగిలింది, ఆమెకు వింటే అర్థమయ్యేదట గానీ మాట్లాడటం రాదు. పిల్లలకు, మనవలకు అదీ లేదు.

నేను చూసిన జాబితాలో ఇలాంటి భాషలను 'మంబిలా మాండలికాలు' అని ఒక నోటు పెట్టి మంబిలాలో కలిపేశారు. డేటా తక్కువగా ఉంది కాబట్టి కలిపితే లెక్క పెరుగుతుందని కారణం. ఒక భాషలో 20 రూపాలు ఉంటే వాటిని ఒకటే అన్నారు. వేరే భాష ఉంటే దాన్ని మాండలికం అన్నారు. రెండు వైపులా తప్పే. రేపు ఆ మనవల్లో ఎవరికైనా తాత మాట వినాలనిపించి వెతికితే, అది ఎక్కడో మంబిలా ఫైల్లో పేరు లేకుండా పడి ఉంటుంది. ఆ మాట ఉన్నట్టా, లేనట్టా?

6. బడి. నైజీరియా 2022 నవంబరులో ప్రాథమిక తరగతుల్లో తల్లిభాషలోనే చదువు చెప్పాలని విధానం ప్రకటించింది. 2025 నవంబరులో దాన్ని రద్దు చేసి ఇంగ్లీషుకే తిరిగి వెళ్లింది. కామెరూన్ 1996 రాజ్యాంగం జాతీయ భాషలను కాపాడి పెంపొందిస్తామంటుంది, అధికారిక హోదా మాత్రం ఇంగ్లీషు, ఫ్రెంచిలకే. బడి చేయి వదిలేశాక పిల్లలు తమ భాషను రాతలో చూసే చోటు ఫోన్ ఒక్కటే. అందులోనూ తప్పుల మంబిలా కనిపిస్తే, తప్పు యంత్రానిదని పిల్లలు అనుకోరు. 'మన ఇంట్లో మాట్లాడేదే తప్పేమో' అనుకుంటారు. మన దగ్గర టెక్స్ట్ బుక్ తెలుగు చూసి పల్లె పిల్లలు అలాగే అనుకున్నారు, ఇప్పటికీ అనుకుంటున్నారు.

ఇప్పుడు మిమ్మల్ని అడుగుతున్నది చెబుతాను.

ఇంజనీర్లు: ప్రతి రికార్డింగ్‌కు, ప్రతి వాక్యానికి ఊరు, మాండలికం అనే రెండు గడులు తప్పనిసరి చేయండి. అవి ఖాళీగా ఉంటే ఆ డేటాను మోడల్‌లోకి తీసుకోకండి. దేశం పేరు ఉంచుకోండి, అభ్యంతరం లేదు, కానీ భాషను విడదీసే కత్తిగా దాన్ని వాడకండి. స్వరస్థాయి గుర్తులు తుడిచే మెట్టును ఈ భాషలకు ఆపేయండి. ఒక్క సెట్టింగ్ మారిస్తే పోయేదానికి కొత్త పరిశోధన అక్కర్లేదు. ఫలితాలు ప్రకటించేటప్పుడు మొత్తం మీద ఇంత శాతం అని కాకుండా, ఏ ఊరివాళ్లకు ఎంత తప్పు వస్తోందో విడివిడిగా చెప్పండి. న్జెరెప్, చంబాప్, కసాబెలకు వేరే వరుసలు పెట్టండి. డేటా సున్నా అయితే సున్నా అనే రాయండి.

మేనేజర్లు, టిక్కు పెట్టే అధికారం ఉన్నవాళ్లు: తూర్పు గుంపు నుంచి, పడమటి గుంపు నుంచి, సరిహద్దు రెండు వైపుల నుంచి మనుషులు విని 'ఇది మా మాటే' అనేదాకా 'సపోర్టెడ్' అన్న మాట తీసేయండి. లక్షమంది కోసం అంత ఖర్చు ఎలా పెడతామని అడుగుతారని తెలుసు. ఖర్చు పెట్టమని నేను అనడం లేదు. పెట్టలేకపోతే ఆ వరుస తీసేయండి, 'మా దగ్గర ఈ భాష లేదు' అని రాయండి. లేదని రాస్తే ఆ అధికారి ఒక మనిషిని, ఒక దుబాసీని వెతుక్కుంటాడు. ఉందని అబద్ధం చెబితే వెతకడు. పని చేయించుకుంటే మాత్రం గెంబులోనో సోమియేలోనో మాట్లాడి వినిపించినవాళ్లకు మీ ఆఫీసు పక్కవాళ్లకు ఇచ్చే లెక్కనే డబ్బులివ్వండి. రికార్డింగుల కాపీ వాళ్లకే తిరిగి ఇవ్వండి, వద్దంటే తీసేసే హక్కు కాగితం మీద రాసివ్వండి.

విశ్వవిద్యాలయాల వాళ్లు: మీ దగ్గర ఎం.ఏ. చదివినవాళ్లలో చాలామంది ఇప్పుడు డేటా లేబుల్ వేసే ఉద్యోగాల్లోనే చేరుతున్నారు. నేనూ అలాగే చేరాను. ఆ పని ఎలా చేయాలో కోర్సులో ఎక్కడా లేదు. మన దగ్గర మార్గం లేక కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి 1962లోనే తెలుగు రైతుల వ్యవసాయ పదాలను ఊరూరా సేకరింపజేసి, ఏ మాట ఏ ప్రాంతంలో వాడతారో గుర్తు పెట్టి పదకోశంగా తెచ్చారు. కంప్యూటర్ లేని రోజుల్లో చేయగలిగిన పని ఇప్పుడు గడి ఖాళీగా వదిలి చేయడం సిగ్గుచేటు. ఆ పద్ధతిని డేటా సేకరణకు తగ్గట్టు ఒక పాఠంగా పెట్టండి. ఇలాంటి జాబితాలను బయటి నుంచి పరిశీలించే బృందంగా ఒకటి రెండు విభాగాలైనా ముందుకు రండి. సంస్థలు మా టికెట్లు మూసేస్తాయి, విభాగం తరఫున వచ్చిన ఉత్తరాన్ని అంత తేలిగ్గా మూయలేవు.

'మన గోండి, కోయ, కొలామి సంగతి చూడకుండా ఆఫ్రికా ఎందుకు' అనేవాళ్లకు ఒక మాట. గోండి మన రాష్ట్రాల గీతలు దాటి ఉన్న భాష. మంబిలాకు జరుగుతున్నదే దానికీ జరుగుతుంది. ఒక చోట ఊరి గడి తప్పనిసరి అయితే రెండో చోటా అవుతుంది, ఎందుకంటే సాఫ్ట్‌వేర్ ఒక్కటే. నేను మంబిలా గురించి రాయడానికి కారణం, తప్పును నా కళ్లతో చూసింది అక్కడే కావడం.

ఆరు నెలల్లోగా మీ మీ సంస్థల జాబితాల్లో ఈ రెండు వరుసల పరిస్థితి ఏమిటో బహిరంగంగా చెప్పండి. డేటా ఎక్కడి నుంచి వచ్చింది, ఏ ఊరి మాట, గుర్తులు ఉన్నాయా తుడిచారా, విని సరే అన్నది ఎవరు, ఈ నాలుగు వివరాలు చాలు. సంస్థ చెప్పనివ్వకపోతే కనీసం లోపల మీరు ఒక టికెట్ తెరవండి. మూసేస్తే మళ్లీ తెరవండి. నేను రాసిన నోట్స్‌లో సంస్థ సమాచారం లేని భాగం ఎవరికి కావాలన్నా ఇస్తాను.

ఇట్లు,
భాషల జాబితాలు సరిచూసే పని చేసిన ఒక తెలుగువాడు